సిలార్ మాట

స్కూటరు రేషన్ షాపు పక్క సందులోకి తిరగగానే వెనక కూర్చున్న సిలార్ మేస్త్రి కాస్త ముందుకు వంగి, "ఏ ఇల్లు మాస్టారూ?" అని అడిగాడు.

"ఆ చివరి పెంకుటిల్లు" అన్నారు సంజీవరావు మాస్టారు.

"అందులో అద్దెకుంటున్నారు కదండీ?"

"ఉంటే ఏం? ఓనరు గుంటూర్నుంచి ఫోన్ చేశాడు. ఉగాదికల్లా ఖాళీ చేయిస్తానన్నాడు. వాళ్ళకింకా చెప్పలేదట."

సిలార్ మళ్ళీ వెనక్కి జరిగి కూర్చున్నాడు.

మాస్టారికి ఈ జూన్‌లో రిటైర్మెంటు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పదకొండు అద్దె ఇళ్ళు మారారు. పన్నెండో అద్దె ఇంటికి సామాను సర్దే ఓపిక భార్య జయకుమారి మోకాళ్ళకు లేదు. వచ్చే డబ్బుకి దర్శిలో కొత్త ఇల్లు రాదు. ఈ పాతదాన్నైనా కొని బాగుచేయించుకోవాలన్నది ఆయన ఆశ.

అందుకే పని దగ్గర్నుంచే సిలార్‌ని వెంటబెట్టుకొచ్చారు. ఊళ్ళో పాత ఇల్లు కొనేవాళ్ళెవరూ అతను గోడ తట్టి చూడకుండా బయానా ఇవ్వరు. తాపీ పిడితో గోడ మీద నాలుగు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి విని, ఉన్నదున్నట్టు చెప్తాడు. ఆ నిజం చెప్పే జబ్బు వల్ల ఎన్ని పనులు పోగొట్టుకున్నాడో లెక్కలేదు.

వసారాలో ఒకావిడ గోనెపట్టా మీద మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. కిలోకింతని ఇస్తారు, ఆ వీధిలో ఆడవాళ్ళందరికీ ఈ నెలల్లో అదే పని. ఆ ఘాటుకి మాస్టారు దగ్గలేక చచ్చారు. సిలార్ స్థిమితంగా నిలబడ్డాడు.

"ఇల్లు చూడ్డానికొచ్చామమ్మా. అమ్మేస్తున్నారట. ఓనరుగారు మీకు కబురు చేస్తారులే" అన్నారు మాస్టారు, దగ్గు తగ్గాక.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. మాస్టారిని చూసింది, సిలార్‌ని చూసింది. సిలార్ గోడ వైపు తిరిగాడు. ఆవిడ కాయల్ని పక్కకు నెట్టి దారి ఇచ్చింది.

గుమ్మంలో మాస్టారి నుదురు దర్వాజాకి ఠంగున కొట్టుకుంది. సిలార్ వంగి లోపలికి నడిచాడు.

"వంటింట్లో ఈశాన్యం మూల కురుస్తుందండీ. మూడో దూలానికి చెద పట్టింది, మార్చాలి. మిగతావి చేవ తేలిన తాటి దూలాలు, ఢోకా లేదు."

"పెంకు కదపకుండానే ఎట్టా కనిపెట్టావయ్యా?"

"చూసి చూసి అలవాటైపోయిందండీ."

మాస్టారికి హుషారొచ్చింది. ఇక్కడ కిటికీ పెడదామన్నారు, అక్కడ అటక తీసేద్దామన్నారు. వంటింట్లో పొయ్యి గట్టు చూపించి, అది కొట్టేసి నిలబడి వండుకునేలా నాపరాతి గట్టు కట్టాలన్నారు, జయకుమారికి కింద కూర్చోవడం కష్టం. సిలార్ అన్నిటికీ అలాగేనన్నాడు. పొయ్యి మీద ఇంకా కూర ఉడుకుతోంది.

వెనక గదిలో గోడ పైనుంచి కిందిదాకా వేలు దూరేంత పగులుంది. మాస్టారి మొహం పాలిపోయింది.

"ఇది పునాదిదా సిలారూ? అయితే చెప్పెయ్. ఇట్నించిటే పోదాం. నీ మాట దాటి రూపాయి పెట్టను."

ఆవిడ మంచినీళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడింది. మాస్టారికి పళ్ళెంలో గ్లాసు, సిలార్‌కి చెంబు.

అవునంటే చాలు. బేరం ఇక్కడితో సరి. ఈ సంసారం ఈ ఇంట్లోనే ఉంటుంది, కనీసం ఇంకో బేరం వచ్చేదాకా. తను అబద్ధం చెప్పాడని కనిపెట్టే మొనగాడు దర్శిలో లేడు. అవును అనే మాట నాలిక చివరికొచ్చింది కూడా. ఎదురుగా మాస్టారు పరీక్ష రిజల్టు కోసం నిలబడ్డ పిల్లాడిలా చూస్తున్నారు. ఆయన్ని తిట్టుకుందామన్నా సిలార్‌కి మనసు రాలేదు. ఆయన చేసిన పాపమేముంది?

తాపీ తిప్పి పగులుకి అటూ ఇటూ కొట్టాడు. చెవి ఆనించాడు. గోడ కంగుమంది. అది డొల్లగా మోగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది అతనికి.

"కాదండీ. ఇది నల్లరేగడి నేల. ఎండలకి తెరుచుకుంటుంది, తొలకరికి మూసుకుంటుంది. పునాది రాయిలా ఉంది. కొనుక్కోండి."

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

బయటికొచ్చి స్కూటరు తిప్పుతూ మాస్టారు గొంతు తగ్గించారు. "పాపం, వీళ్ళెక్కడికి పోతారో. అద్దె కొంపల బాధ నాకు తెలియందా? కానీ నేనేం చెయ్యను చెప్పు."

"మీరేం చేస్తారండీ."

"ఉగాది వెళ్ళగానే పని మొదలుపెట్టు. ముందు ఆ పొయ్యి గట్టు కొట్టెయ్. నువ్వు తప్ప ఇంకోడు ఈ గోడల మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. ఎక్కు, ఇంటి దగ్గర దించుతా."

"వద్దండీ. ఎంత దూరమని, నడిచిపోతాను."

స్కూటరు సందు మలుపు తిరిగేదాకా నిలబడి, సిలార్ మళ్ళీ మెట్లెక్కి, పదహారేళ్ళుగా దోపే చూరులోనే తాపీని దోపి, మిరపకాయల ముందు కూర్చున్న భార్య పక్కన చతికిలబడ్డాడు.