బియ్యం డబ్బాలో కడియం

తిమోర్ దక్షిణ తీరంలో మొసలిని మొసలి అనరు, తాత అంటారు. తప్పు చేసినవాళ్ల జోలికే తాత వస్తాడని నమ్మకం. ఇప్పుడు తాతలందరి ఒంటికీ గుర్తుబిళ్లలు, ఊళ్లో అందరి చేతులకీ సర్కారు కడియాలు. తాత దగ్గరికొస్తే కడియం వణుకుతూ మోగుతుంది.

మూడు రోజులుగా ఇంటి దగ్గర ఒలాందినా కడియం ఒక్కటే మోగుతోంది. సముద్రపు నాచు కోసే ఆడవాళ్లు ఆమెని చూస్తే తప్పుకుపోతున్నారు. ఆదివారంలోగా తప్పు ఒప్పుకోకపోతే ఇక రేవుకి రానిచ్చేది లేదని పెద్దలు తేల్చేశారు. నాచు కొయ్యకపోతే ఇల్లు గడవదు.

"ఏం చేశావే? నిజం చెప్పు," అంది అత్త బల్బీనా, నాలుగోసారి.

"చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించాను. నిన్ను మనసులో తిట్టుకున్నాను. అంతే అత్తా, ఒట్టు!"

"ఆ మాత్రానికి తాత రాడు. ఇంకా ఆలోచించు."

ఆలోచిస్తూనే ఒలాందినా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. అడుగున ఏదో, తన చేతి కడియంతో పాటే, గజగజ వణుకుతోంది. తవ్వి చూస్తే, గుడ్డలో చుట్టిన అత్త కడియం. వెనక అత్త పొడుగు చేతుల చొక్కాని మణికట్టు మీదికి లాక్కుంటోంది.

ఒలాందినా తన కడియం కూడా ఊడదీసి, దాని పక్కనే పెట్టి బియ్యం కప్పేసింది.

"అత్తా, ఎసట్లో ఎన్ని గ్లాసులు పొయ్యమంటావు?"

"రెండు," అంది అత్త. "తాతకి ఇంకో గుప్పెడు."