బోసి నుదురు

కర్ర దెబ్బకు ఆటో ముందు అద్దం పగిలి యాకయ్య ఒళ్లో పడింది. బ్రేకు వేసేలోపే నలుగురు చుట్టుముట్టారు. హనుమకొండ నుంచి ధర్మసాగర్ పోయే రోడ్డు, పట్టపగలు, ఆదివారం పూట. వెనకాల వస్తున్న బైకులవాళ్లు చూసీ చూడనట్టు పక్కనుంచి వెళ్లిపోయారు. మనకెందుకులే అనుకునేవాళ్లకు ఈ లోకంలో కొదవా!

"ప్రార్థనకు పోయేది ఎవలు? దిగున్రి!" అన్నాడు ముందున్నవాడు. మిగతా ముగ్గురూ వాణ్ణి వంశన్న అంటున్నారు.

"అసుంటోళ్లు ఎవలు లేరన్నా. మామూలు పాసింజర్లు," అన్నాడు యాకయ్య చేతులు జోడించి. చెంప ఛెళ్లుమంది.

"మాకు పక్కా ఖబర్ ఉన్నది. గీ ఆటోలనే వోతాంది."

వెనక సీట్లో ఉన్నది వాసంతి, ఆమె అత్త లచ్చవ్వ. వాసంతి నుదుట ఎర్రగా కుంకుమబొట్టు, మెడలో పుస్తెలు. లచ్చవ్వ నుదురు బోసి, మెడ బోసి. ఇక వంశీకి ఆలోచించే పనేముంది? ముసలమ్మ రెక్క పట్టి బయటికి ఈడ్చాడు. ఆమె వెళ్లి తారురోడ్డు మీద మోకాళ్లపై పడింది.

"బొట్టేదే?"

"మొగడు సచ్చినదాన్ని బిడ్డా. నాకు బొట్టేంది?"

"దొరికినోళ్లందరు గిదే చెప్తరు. ఇటు రా, నేను పెడ్త." వాడు జేబులోంచి కుంకుమ పొట్లం తీశాడు.

లచ్చవ్వ ముఖం తిప్పేసుకుంది. జుట్టు పట్టి తనవైపు తిప్పుకోబోతే వాడి వేలు కొరికింది. తాళి తెగిన ఆడదాని నుదుట పరాయి మగాడు కుంకుమ పెట్టడమా! చంపినా ఒప్పుకోదు. మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కోపం నెత్తికెక్కిన వెధవలకు అదీ తోచలేదు.

"చూసిన్రారా? కుంకుమంటే ఎట్ల మండుతాందో! గిది పక్కా కిరస్తానమే!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది, తర్వాతిది వీపు మీద. ఒకడు నవ్వుతూ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. లచ్చవ్వ 'ఓ అవ్వా' అని మూలిగిందే తప్ప మరో మాట మాట్లాడలేదు.

నిజానికి ప్రార్థనకు పోతున్నది వాసంతి. మొగుడు ఉపేందర్ కిడ్నీలు చెడి దవాఖానలో పడ్డప్పటి నుంచీ, కుట్టుపని అని చెప్పి, ధర్మసాగర్‌లో సుగుణక్క ఇంట్లో జరిగే ప్రార్థనకు చాటుగా వెళ్తోంది. ఇంట్లో తెలిస్తే గడప తొక్కనివ్వరు. మొగుడి మంచం దగ్గరికి రానివ్వరు. ఇవాళ "మా చెల్లెను చూసొస్త" అంటూ అత్త కూడా వెంట బయల్దేరితే కాదనలేకపోయింది.

"అన్నా, కొట్టకున్రి! ఆమె మా అత్త. మా మామ సచ్చిపోయిండు, నిజంగ! ఆమె ఏ ప్రార్థనకు పోదు!" వాసంతి అరిచింది.

"మరెవలు వోతరు?" వంశీ ఆటోలోకి తల పెట్టాడు. "ఉన్నది మీరిద్దరేనాయె. నువ్వు వోతవా?"

ఫోన్ వాసంతి వైపు తిరిగింది. సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరంతా తిరుగుతుంది, దవాఖానలో మొగుడూ చూస్తాడు. కాదంటే చాలు. బొట్టుంది, పుస్తెలున్నాయి, నమ్ముతారు కూడా. ఎంత పరీక్ష పెట్టినవ్ ప్రభువా, అని లోలోపల ఏడ్చింది. అవతల కర్ర మళ్లీ లేచింది.

"నేనే!" ఒక్క ఉదుటున ఆటో దిగింది. "ఏసయ్యను నమ్ముకున్నది నేను. ప్రార్థనకు వోయేది నేను. ఆమెను ఇడిచిపెట్టున్రి."

"అత్తను బచాయించుడానికి అబద్ధాలాడకు చెల్లె. నీ బొట్టు మాకు కనవడ్తలేదా?"

వాసంతి కొంగు తీసి నుదురు గట్టిగా రుద్దుకుంది.

"తుడువకే! అది నా కొడుకు పానమే!" రోడ్డు మీద నుంచి లచ్చవ్వ గుండె పగిలేలా కేకపెట్టింది. "దాని మాట నమ్మకున్రి! నేనే వోత ప్రార్థనకు! నన్నే కొట్టున్రి!"

ఎవడు వింటాడు? కర్రలన్నీ వాసంతి మీదికి మళ్లాయి. ముంజేయి పటుక్కున విరిగింది. తల పగిలి నెత్తురు కళ్లలోకి కారింది. కింద పడ్డాక కూడా డొక్కలో తన్నారు పాపిష్టివాళ్లు. "ఏసయ్యా, నా మొగన్ని బతికియ్యి" అని ఆమె ఒకటే పలవరింత. దూరం నుంచి బస్సు హారన్ వినబడితే గానీ వాళ్లు బైకులెక్కలేదు.

యాకయ్య ఇద్దరినీ ఆటోలోకి ఎత్తి హనుమకొండ వైపు తిప్పాడు. లచ్చవ్వ తన చీరకొంగు చించి కోడలి తలకు కట్టు కట్టింది.

"ఎందుకు దిగినవే పిచ్చిదానా? నాలుగు దెబ్బలు తిని నేను ఊకుందు గదా!"

"నిన్ను కొడ్తాంటే ఎట్ల సూసుకుంట కూసోవాలె అత్తమ్మా?" వాసంతికి మాట సరిగా రావడం లేదు. "నన్ను సూపెడితే నిన్ను ఇడిచిపెడుదురు. ఎందుకు సూపెట్టలే? నేను ప్రార్థనకు పోతాన్నని నీకు ముందుగాల్నే ఎర్కనా?"

లచ్చవ్వ కోడలి తలను గుండెకు పొదువుకుని బావురుమంది.

"నా కొడుకు మీద మన ఇంటి దేవుడు అలుగుతడని, నిన్ను జర బెదిరిచ్చి ఎనుకకు తోలున్రని ఆళ్లకు ఫోన్ జేసింది నేనే బిడ్డా!"