చెల్లెలి వెనకాల మనిషి

మూడో రోజు కూడా ఆ పసుపు చొక్కా చెల్లెలి వెనకాలే ఉంది.

పై మలుపులో సైకిలు ఆపి చూసిన అక్కకి ఒళ్ళు మండిపోయింది.

కింద, సముద్రం పక్కన మెలికలు తిరిగిన రోడ్డు మీద చెల్లెలు రొప్పుతూ ఎక్కుతోంది. ఆమెకి యాభై అడుగుల వెనక ఆ మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. చెల్లెలు దిగి నడిస్తే తనూ దిగి నడుస్తాడు. చెల్లెలు రాయి మీద కూర్చుంటే సముద్రంకేసి తిరిగి నిలబడతాడు, అక్కడికేదో అలలు లెక్కపెట్టే ఉద్యోగం వెలగబెడుతున్నట్టు.

నాలుగు రోజుల సైకిలు యాత్ర అది. పగలంతా కొండలెక్కడం, దిగడం. సాయంత్రానికి ఎక్కడో ఒక చోట బస. సామాన్లు వ్యానులో ముందే వెళ్ళిపోతాయి. వచ్చినవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళలో ఈ పసుపు చొక్కా లేడు.

రెండేళ్ళు మంచం పట్టి లేచిన చెల్లెలికి ఈ యాత్ర ఒక పంతం. నాలుగు రోజులూ తన కాళ్ళతో తనే తొక్కి తీరాలి.

ఆ రెండేళ్ళూ దగ్గరుండి చాకిరీ చేసిన అక్కకి చెల్లెలంటే ప్రాణం. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. పైగా లెక్కల టీచరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ మనిషెవరని మొదటి రోజే అడిగింది.

"రోడ్డన్నాక ఎవరో ఒకరు వస్తుంటారులే. నువ్వు ముందు పో అక్కా" అంది చెల్లెలు.

మూడో రోజు సాయంత్రం చెల్లెలు స్నానానికి వెళ్ళడం చూసి, అక్క బస వెనక ఉన్న షెడ్డులోకి వెళ్ళింది. పసుపు చొక్కా అక్కడే ఉన్నాడు. చెల్లెలి సైకిలు తిరగేసి, చక్రం తిప్పి చూస్తున్నాడు.

"దాని మీంచి చెయ్యి తియ్యి."

అతను లేచి నిలబడ్డాడు.

"మూడు రోజులుగా చూస్తున్నా. ఆడపిల్ల ఒంటరిగా కనిపిస్తే తోకలా పట్టుకోవడమేనా? నీ వయసేంటి, నువ్వు చేసే పనేంటి? ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

అతను ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఊరుకునేసరికి అక్క ఇంకా రెచ్చిపోయింది. నోటికి ఎంత వస్తే అంతా అంది. యాత్రవాళ్ళంతా చుట్టూ మూగారు. అంతమందిలో అతను తల దించుకున్నాడే తప్ప ఒక్క మాట తిరిగి అనలేదు.

యాత్ర కంపెనీ మేనేజరు పరుగున వచ్చాడు.

"అమ్మా, తొందరపడకండి. ఒక్కసారి మీ చెల్లెలిగారిని అడగండి."

అక్క ఒంటికాలి మీద లేచింది.

"దాన్నేమిటయ్యా అడిగేది? అదే రమ్మని పిలిచిందంటావా? రేపు దాని వెనక ఈ మనిషే కాదు, ఏ మగపురుగు కనిపించినా పోలీసుల్ని పిలుస్తాను."

మేనేజరు ఆ మనిషి వంక చూశాడు. అతను వద్దన్నట్టు తల ఊపి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

పీడ వదిలించానని భోజనాల దగ్గర అక్క గొప్పగా చెప్పింది.

చెల్లెలు ముద్ద ఎత్తబోయి ఆగిపోయింది.

"అందరి ముందూ అన్నావా అక్కా?"

"అనక, దండ వేస్తారా?"

చెల్లెలు అన్నం సగంలో వదిలేసి లేచింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు చెల్లెలిని వ్యాను ఎక్కమని మరీమరీ చెప్పాడు. ఆమె వినలేదు. ఈ ఒక్కరోజేగా అంది. అక్కని ముందు వెళ్ళమంది. అక్క వెళ్ళింది, పీడ విరగడైందిగా అన్న ధీమాతో.

మధ్యాహ్నానికి మిగతా పదమూడు మందీ చివరి మజిలీకి చేరారు. చెల్లెలు రాలేదు. మెల్లగా వస్తుందిలే అని అక్క గంటసేపు చూసింది. రెండో గంట కూడా గడిచాక, ఇక లాభం లేదని సైకిలు తీసేసరికి వ్యాను వచ్చి ఆగింది.

లోపల చెల్లెలు. ఆమె తల పట్టుకుని ఆ పసుపు చొక్కా.

దిగుడులో అదుపు తప్పి, రోడ్డు కింద తుప్పల్లో పడిపోయిందట. కాలు విరిగి, ఎర్రటి ఎండలో రెండు గంటలు అరుస్తూనే ఉందట. వినడానికి వెనక ఎవరూ లేరు. ముందు వెళ్ళిపోయిన ఈ మనిషే, మనసొప్పక వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళి, చూసి, వ్యానుకి ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎముక మూడు ముక్కలైందన్నాడు. నడిస్తే చాలనుకోండి, సైకిలు మాట మరిచిపొండి అన్నాడు.

అక్క దుఃఖమంతా కోపమై మేనేజరు మీద విరుచుకుపడింది.

"పద్నాలుగు మందిని కొండల్లోకి తోలి, ఆఖరివాళ్ళ వెనక ఒక్క మనిషిని పెట్టుకోలేరా? మీదీ ఒక కంపెనీయేనా?"

నిన్నటి నుంచి పంటి బిగువున ఉన్న మేనేజరు ఇక ఆగలేకపోయాడు.

"పెట్టామమ్మా. మీరే తరిమేశారు."



"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా" అంది అక్క.

"మీకు చెప్పొద్దని మా ఇద్దరి దగ్గరా మీ చెల్లెలు మాట తీసుకుందమ్మా. రెండేళ్ళు తన మంచం వదలని అక్క, ఈ నాలుగు రోజులైనా తన కోసం ఆగకుండా హాయిగా ముందుకెళ్ళాలని, ఆ అమ్మాయి బతిమాలి తన వెనక పెట్టించుకున్న మనిషి ఆయన."