దీక్షలో గోంగూర

"మళ్లీ తినే వచ్చావు." డాక్టరు మొండయ్య నోట్లోంచి కెమెరా గొట్టం బయటికి లాగేశాడు. "కడుపునిండా అన్నం, గోంగూర. పరగడుపున రమ్మని మూడుసార్లు చెప్పాను."

మొండయ్యకు ఒళ్లు మండింది. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే మనిషి. అబద్ధమాడుతున్నావని అనిపించుకోవడం ఇది మూడోసారి.

"నేను తినలే సారూ. నిన్నంత తెలంగాణ నిరాహార దీక్ష టెంట్లనే కూసున్న."

"గోంగూర మొన్న రాత్రి వండిన," అంది భార్య శాంత. "నిన్న మా ఇంట్ల పొయ్యే ముట్టియ్యలే."

డాక్టరు చేతులు కడుక్కోబోయి ఆగాడు. "మొన్నటిదా? అయితే నీ కడుపే తిన్నది కిందికి దింపడం లేదు. పొరపాటు నాదే. దానికి వేరే పరీక్ష ఉంది. ఈసారి తిన్నాకే చేస్తారు."

"పరీక్ష సంగతి తర్వాత," అన్నాడు మొండయ్య. "నేను తినలేదని ముందుగాల చీటీ రాసియ్యుండ్రి. నాతోని దీక్షల కూసున్నోళ్లు తలుపవతల నిలబడి అంత ఇన్నరు."