జాకీ చప్పుడు

కంపౌండరు గేటుకి తాళం వేసి మరీ కారు కింద దూరాడు.

ఆ తాళం దొంగల కోసం కాదు, వీధి చివరింటి పెద్దాయన కోసం.

ఈ ఇంట్లో అద్దెకు దిగాక ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడం అతనికిది రెండోసారి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళమని భార్య చెప్పి చూసింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, చివరికి ఆమే ఊరుకుంది.

కిందటిసారి జాకీ తిప్పుతున్న చప్పుడు వినపడగానే ఆ పెద్దాయన ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. పిలిచిందీ లేదు, పరిచయమూ లేదు.

కారు షెడ్డు లోపలికి అడుగు పెట్టకుండా బయటే నిలబడి, ఒట్టి జాకీని నమ్మి కింద దూరొద్దని చెవిలో జోరీగలా పోరుపెట్టాడు. పని అయ్యేదాకా కదల్లేదు. కారు కిందికి మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయనకి కాస్త తిక్క ఉన్నట్టుందని ఆ రోజు భార్యతో చెప్పి నవ్వాడు కంపౌండరు. నవ్వాడే గానీ, ఆ ముఖం తలుచుకుంటే ఎందుకో ఒళ్ళు జలదరించేది.

అందుకే ఇవాళ తాళం.

వెల్లకిలా పడుకుని బోల్టు విప్పాడు. వేడి ఆయిల్ ఒక్కసారిగా ఉరికింది. సగం బకెట్టులో పడింది, సగం నేల మీద జాకీ వైపు పారింది. తర్వాత తుడుచుకోవచ్చులే అనుకున్నాడు.

అప్పుడే గేటు గొలుసు గలగలలాడింది.

“బాబూ, బయటికి రా.”

కంపౌండరు పని ఆపలేదు. పిలిచి పిలిచి ఆయనే పోతాడనుకున్నాడు.

పెద్దాయన పోలేదు. గేటు ఊపుతూ పిలుస్తూనే ఉన్నాడు. మొదట బతిమాలాడు, తర్వాత గదమాయించాడు. కాసేపటికి ఆ గొంతు ఏడుపులోకి దిగింది.

“ఒరే నాన్నా, వచ్చెయ్‌రా. నీకు దణ్ణం పెడతాను, వచ్చెయ్‌రా.”

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కంపౌండరుకి పరువు పోయినట్టయింది. పానా విసిరికొట్టి, పాక్కుంటూ బయటికొచ్చి, విసవిసా గేటు దగ్గరికి నడిచాడు.

“మీకు పనీ పాటా లేదా? నా కారు, నా ప్రాణం. మధ్యలో మీకేంటి నొప్పి?”

వెనక ధన్‌మని చప్పుడైంది.

తిరిగి చూశాడు. ఆయిల్లో జాకీ జారిపోయి, కారు నేల మీదికి దిగిపోయింది. ఇందాక తన తల పక్కనే ఉన్న బకెట్టు అణిగిపోయి ఉంది.

కంపౌండరు జేబులు తడుముకుని తాళంచెవి తీశాడు. గేటు తెరిచాడు.

పెద్దాయన అతని తల, భుజాలు, గుండెలు చేత్తో తడిమి చూసుకున్నాడు.

“బయటికొచ్చేశావు కదూ,” అన్నాడు.

తర్వాత మెల్లగా గేటుకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

నాడి చూడటం కంపౌండరుకి కొత్త కాదు. అయినా ఆ చెయ్యి వదల్లేక మళ్ళీ మళ్ళీ చూశాడు.

కబురందుకుని పెద్దాయన కూతురు పరుగెత్తుకొచ్చింది. తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చి ఏడ్చి, చివరికి షెడ్డు వంక చూసింది. ఒకప్పుడు ఈ ఇల్లు తమదేనని, తమ్ముడు ఆ షెడ్డులోనే ఆయిల్ మారుస్తుంటే కారు మీద పడి చనిపోయాడని చెప్పింది. అప్పట్నుంచీ జాకీ తిప్పుతున్న చప్పుడు వినపడితే తండ్రి తింటున్న అన్నం వదిలేసి పరుగెత్తేవాడట.

కంపౌండరు కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. కన్నకొడుకుని పోగొట్టుకున్న మనిషి గనకే తనని కాపాడాడని, అలాంటి మనిషిని తిట్టిన నోరు పడిపోవాలని అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“తమ్ముడు భయమేస్తోందని వెనక్కి తగ్గితే, పిరికివాడివని ఎగతాళి చేసి ఆ కారు కిందికి పంపింది ఈయనేనండీ.”