ప్రమాణానికి ప్రమాణం

“నేను రాయను నాయనా. ఎన్నిసార్లు సెప్పాల?”

నవీన సంగటి కంచం పక్కకు తోసేసింది. చెంగయ్య కూతురి ముఖంలోకి చూడలేక గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఆ రోజే ఆఖరు.

“రెండంటే రెండు మార్కుల్లో పోయింది పాపా. ఈసారి రాస్తే సీటు నీదే.”

“ఆ రెండు మార్కులు యాడ పోయినాయో నీకు తెలీదా?”

చెంగయ్యకు తెలుసు. వంటింటి గడపలో కూర్చున్న అతని భార్య చంద్రకాంతమ్మకూ తెలుసు. పోయిన ఫిబ్రవరిలో, సరిగ్గా పరీక్షకు వారం ముందు, కడుపులో గడ్డ ఉందని చెంగయ్యను తిరుపతి ఆస్పత్రిలో చేర్చారు. ఆ వారమంతా పిల్ల పుస్తకం ముట్టలేదు. మందుల చీటీలు పట్టుకుని మెట్లెక్కడం, దిగడంతోనే సరిపోయింది. పరీక్షకు కూడా ఆస్పత్రి నుంచే పోయింది. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి నాయన్ను తిరుపతికి తీసుకుపోయి, ఇంజక్షన్ వేయించి, మళ్ళీ సొంతూరు ఐరాలకు తీసుకొచ్చేది ఆ పిల్లే. ఇప్పుడేమో చదువు చాలు, ఊళ్ళోనే చిన్న బళ్ళో లెక్కలు చెప్పుకుంటానంటోంది. బంగారంలాంటి చదువును చేజేతులా పారేసుకుంటోందని చంద్రకాంతమ్మకు లోపల ఏడుపొస్తోంది.

“నాకు తగ్గిపోయింది గదమ్మా! ఇంగ ఇంజక్షన్లు వద్దన్నాడు డాక్టరు. మొన్ననే సెప్తిని.”

“మొన్న నన్ను రావద్దని ఒక్కడివే పోయినావు. రిపోర్టు యాడ అంటే బస్సులో మరిసిపోయినా అంటావు. ఎట్ట నమ్మేది?”

“నాయన మాట నమ్మవా?”

“నమ్మను. కాణిపాకంలో ప్రమాణం సెయ్యి, నమ్ముతా. అప్పుడు పరీక్ష రాస్తా.”

చంద్రకాంతమ్మ గడప మీంచి లేచొచ్చింది. “ఏందే ఆ మాట! నోరు ముయ్యి!”

ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆ మాట ఊరికే అనరు. వరసిద్ధి వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధమాడినవాణ్ణి తొంభై రోజుల్లోపల ఆ స్వామే తీసుకుపోతాడని అక్కడివాళ్ళ నమ్మకం. ఎంత మొండి దొంగైనా ఆ గుడి దగ్గరికొచ్చేసరికి నిజం కక్కేస్తాడు. అందులో చెంగయ్యకు ఆ స్వామంటే మరీ హడలు. పదేళ్ళ కిందట పక్క చేనువాడు గట్టు జరిపేసి, దమ్ముంటే ప్రమాణానికి రమ్మన్నాడు. న్యాయం తనవైపే ఉన్నా చెంగయ్య పోలేదు. “నేల పోతే పోనీ, ఆ సామి ముందర నోరు తెరిసేది నావల్ల గాదు” అని నేలే వదులుకున్నాడు. అలాంటి మనిషి ఇప్పుడేమంటాడోనని ఆమె అతని వైపే చూసింది.

చెంగయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు.

“సేస్తా పద. అయితే నువ్వు గూడా సెయ్యాల. ఏం జరిగినా, ఎవురు అడ్డమొచ్చినా, పరీక్ష రాసే తీరతానని.”

“అట్లే” అంది నవీన. అనడానికైతే అనేసింది గానీ, నాయన నిజంగా బయలుదేరతాడని అనుకోలేదు.

ఐరాల నుంచి కాణిపాకం ఎంత దూరం గనక! ముగ్గురూ ఆటోలో పోయారు. చెంగయ్య తలారా స్నానం చేసి, తడి పంచెతో స్వామి ముందు నిలబడ్డాడు. మనిషి ఎంత చిక్కిపోయాడో ఆ తడిబట్టల్లో తెలిసింది. జబ్బుపడి లేచినవాడు అట్లుండక ఎట్లుంటాడులే అని చంద్రకాంతమ్మ తనకు తానే చెప్పుకుంది. అతని గొంతు మాత్రం వణకలేదు.

“సామీ, నా జబ్బు తగ్గిపోయింది. ఇంగ భయం ల్యాదని డాక్టరు సెప్పినాడు. ఇది నిజం.”

నవీన వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే చేతులు జోడించింది.

“సామీ, ఏం జరిగినా ఈసారి పరీక్ష రాస్తాను. మధ్యలో నిలిపేసేది లేదు.”

బయటికొచ్చాక ఆ పిల్ల ముఖం చూడాలి! ఏడు నెలలుగా ఆ ముఖంలో నవ్వన్నదే లేదు. “మీరు ఈడే కూసోండి. దరఖాస్తులో ఫొటో, సంతకం ఎక్కించేసి వస్తా” అని ఎదురుగా ఉన్న జిరాక్స్ అంగట్లోకి పరుగు తీసింది.

అరుగు మీద కూర్చుని చంద్రకాంతమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమెకు సంతోషంగా ఉంది, సిగ్గుగానూ ఉంది.

“నేనూ నిన్ను అనుమానించినానయ్యా. నువ్వు కడుపు పట్టుకొని ముడుసుకొని పండుకుంటే, ఏందో దాస్తాండావనుకొన్యా. ఇంగ నా పానం కుదుటపడింది.”

చెంగయ్య అంగడి వైపే చూస్తున్నాడు. కాసేపటికి నవీన అక్కణ్ణుంచే చెయ్యెత్తింది.

“పెట్టేసినా నాయనా!”

చెంగయ్య కూడా చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి దించి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

“కాంతా, ఇంగ ఏం జరిగినా ఆ పిల్ల ఆగదు గదా?”

“సామికి మాటిచ్చినాక ఎట్ట ఆగతాది? ఆ సామితో ఆటలా? అబద్ధమాడితే తొంభై దినాల్లో...” చంద్రకాంతమ్మ నాలుక కరుచుకుంది. “ఛ! ఆ మాట మనకేమిటికిలే.”

“సామికి ఆ శ్రమ ల్యాదులే కాంతా” అన్నాడు చెంగయ్య, కూతురి మీద నుంచి చూపు తిప్పకుండా.

“డాక్టరు ఇచ్చిందే అరవై దినాలు.”