పసుపు చీటీ

"ఇదొక్కటి ఇవ్వను. ఇంకేదైనా అడుగు," అన్నాడు నాన్న, పాత లాప్‌టాప్ సంచిని రెండు చేతులా పొట్టకు హత్తుకుని.

ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి. ఎదురుగా లారీ వచ్చినా బెదరనివాడు, లాప్‌టాప్‌ల షాపులో కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"మళ్ళీ మొదటికి తేకు నాన్నా. ఇంట్లో సరేనని ఇక్కడ అడ్డం తిరిగితే ఎలా? పాతది ఇస్తే కొత్తదాని మీద తగ్గిస్తారు. సోమవారం నుంచి నాకు కాలేజీ," అంది కూతురు.

తగ్గింపు వట్టి సాకు. అసలు సంగతి వేరు. ఆ లాప్‌టాప్ అమ్మది. ఇంటి పనులన్నీ ఆవిడ దాని తెర మీద పసుపు చీటీల్లో టైపు చేసి పెట్టేది. ఎవరు ముందు మూత తెరిస్తే వాళ్ళు చదివి ఆ పని చేయాలి. అదీ ఆ ఇంటి పద్ధతి. అమ్మ పోయి పది నెలలైంది. చీటీలు మాత్రం ఆగలేదు. 'మీ నీలం చొక్కాకు రెండో గుండీ ఊడేలా ఉంది.' 'పిడుగూ, గొడుగు మర్చిపోకు.' కూతుర్ని పిడుగనడంతో సహా అచ్చంగా అమ్మ మాటలే.

నాన్నే రాస్తున్నాడని కూతురికి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. పాపం, ఆయన బాధ ఆయనది. కానీ తను హాస్టల్‌కు వెళ్ళిపోయాక, ఆ ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చుని, పోయిన మనిషి పేరుతో తనకు తానే చీటీలు రాసుకుంటూ ఉండిపోతే? అందుకే ఆ లాప్‌టాప్ ఇంట్లోంచి కదలాలి.

"ముందు కొత్తది తేల్చుకోండి," అంది షాపు నడిపే ఆవిడ, రెండింటిని పక్కపక్కన పెట్టి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"పెద్దదే తీసుకో. చిన్న తెరయితే కళ్ళు పోతాయి," అన్నాడు నాన్న.

"దాన్ని మోయడానికి కూలీని పెట్టుకోవాలి."

"ఈ వయసులో ఆ మాత్రం మోయలేవా? మీ అమ్మ అయితే..." అని ఆగిపోయాడు.

ఆ సందు చూసి కూతురు ఆయన చేతుల్లోంచి సంచి లాగి ఆవిడకు ఇచ్చింది. ఆవిడ పాతది పైకి తీసి మూత తెరిచింది. తెర వెలిగింది. మధ్యలో పసుపు చీటీ.

'పెద్దది వద్దు. పిడుగుకు ఎడమ భుజం లాగుతోంది.'

నాన్న కూతురి వంక చూశాడు. కూతురు నాన్న వంక చూసింది. భుజం నొప్పి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అయినా ఈయన కనిపెట్టేశాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కాసేపు లోపల చూసి చెప్తాను," అంటూ ఆవిడ పాతదాన్ని వెనక బల్ల మీదకు పట్టుకెళ్ళింది.

"ఇక చాలు నాన్నా," అంది కూతురు మెల్లగా. "ఆ చీటీలు నువ్వే రాస్తున్నావని నాకు మొదటి నుంచీ తెలుసు. నేను వెళ్ళాక కూడా ఇలాగే రాసుకుంటూ కూర్చుంటే, నేనక్కడ ఏం చదవగలను చెప్పు?"

నాన్న కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"నేనా? నాకు స్టీరింగ్ తప్ప ఆ మీటలేం తెలుసే? నువ్వే కదా రాసేది. నా అవస్థ చూడలేక రాస్తున్నావులే అని ఊరుకున్నాను. నువ్వెళ్ళాక ఉన్న నాలుగు చీటీలైనా చదువుకుందామనే దీన్ని ఇవ్వనంటున్నాను."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద ఒట్టు."

షాపావిడ తిరిగి వచ్చింది. "కీబోర్డు ఎందుకూ పనికిరాదు సార్. లోపల తీగ ఊడిపోయి ఉంది, దాని మీద బోలెడు దుమ్ము పేరుకుంది. ఇంటర్నెట్టూ అందుకోవడం లేదు. ఈ ఏడాదిలో దీని మీద ఎవరూ ఒక్క అక్షరం కూడా కొట్టి ఉండరు."

నాన్న చేయి కూతురి చేతిని వెతుక్కుంది. రెండూ చల్లగానే ఉన్నాయి.

"తగ్గింపు వద్దండీ," అంది కూతురు. "పాతది మాకే ఇచ్చేయండి. నాన్నా, నువ్వు ఇంటికి పట్టుకెళ్ళు."

"నువ్వే తీసుకెళ్ళు. కొత్త ఊళ్ళో నీకెవరున్నారు?"

"ఇంట్లో మాత్రం నీకెవరున్నారు?"

"నా సంగతి వదిలెయ్. చెప్పిన మాట విను."

"వినను."

ఇందాక ఇవ్వాలా వద్దా అని లాక్కున్నదాన్ని ఇప్పుడు నువ్వు తీసుకెళ్ళంటే నువ్వు తీసుకెళ్ళమనే ఈ పేచీ ఏమిటో షాపావిడకు అంతుపట్టలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన పని తాను చేసుకుందామని చిన్న లాప్‌టాప్ కొత్త డబ్బా తెచ్చింది. వాళ్ళ కళ్ళ ముందే సీలు చించింది. అట్ట తీసింది, పొర ఒలిచింది, మీట నొక్కింది.

తెర తెల్లగా వెలిగింది. ఏ భాష కావాలని ఇంకా అడగనైనా లేదు, మూల నుంచి ఒక పసుపు చీటీ పైకి వచ్చింది.

'పోట్లాడుకోకండి. పాతది ఇచ్చేయండి. నేను పిడుగుతో వెళ్తున్నాను. ఆ నీలం చొక్కా గుండీ ఇక మీరే కుట్టుకోండి.'